డెల్టా సీమలో శిబిర స్థలము: ఎన్నిక చేయు విధము

శిబిరమను మాటకు మన కళాశాలతో ఒక విచిత్రమైన చుట్టరికము కలదు. మన పత్రికలో సగభాగమునకు నెలవైన ఉర్దూ భాష పేరే తుర్కీ పదమునుండి పుట్టినది. ఆ పదమునకు సైనిక శిబిరమని అర్థము. తెలుగువారు గుడారమునకు వాడుకలో చెప్పు డేరా అను మాట ఉర్దూ నుండి వచ్చినదే. మనము భయముతో పలుకు తుఫాను కూడ ఆ త్రోవనే మన యింటికి వచ్చినది. మచిలీపట్టణమును మనము బందరు అందుము; బందరనగా పారసీకమున రేవు. ఇట్లు శిబిరము, సముద్రము, గాలివాన అను మూడింటికిని మన రెండు భాషలయందును పాతకాలపు పొత్తు కలదు. ఆ మూడును ఒకే చోట, ఒకే రాత్రి కలిసిన నేమగునో ఎరిగి, అట్లు కలియకుండ జాగ్రత్తపడుట ఎట్లో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1969లో జాతీయ సేవా పథకము ఆరంభమైన నాటినుండి కళాశాల విద్యార్థులు ప్రత్యేక శిబిరములకు గ్రామములకు పోవుట పరిపాటియైనది. కృష్ణా గోదావరుల డెల్టాలోని గ్రామములు శిబిరమునకు ఎన్నో పనులు చూపగలవు. పూడిన మురుగు బోదెలను తీయుట, మంచినీటి చెరువు గట్లను బాగుచేయుట, ఆరోగ్య సర్వే జరుపుట, తుఫాను హెచ్చరికలను గూర్చి ఇంటింటికి తెలుపుట, తీరమున మడ మొక్కలు నాటుట, ఇవన్నియు అచట అవసరమైన పనులే. అయినను డెల్టా అనగానే పెద్దలకు సందేహము కలుగుట సహజము. "ముంపు ప్రాంతమునకు పిల్లలను పంపుట యేల? మెట్టసీమలో ఎక్కడనైనను పెట్టుకొనరాదా?" అని వారడుగుదురు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. కాని సేవ అవసరమైన చోటును విడిచి, సుఖమైన చోటును వెదకుకొనుట శిబిరమునకు ప్రయోజనము కాదు. డెల్టాను మానుట కాక, డెల్టాలో చోటు నెంచుకొనుట నేర్చుకొనవలెనని మా అభిప్రాయము.

నేల స్వభావము

డెల్టా నేల కంటికి చాపవలె చదునుగా కనిపించును. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు సుమారు 57 అడుగుల ఎత్తు. అచటినుండి మచిలీపట్టణము సుమారు 70 కిలోమీటర్లు. అనగా కిలోమీటరు దూరమునకు వాలు ఒక అడుగైనను లేదు. ఇంతటి చదును నేలపై రెండడుగుల ఎత్తు గల మెరక కొండతో సమానము. రెండడుగుల పల్లము చెరువుతో సమానము. డెల్టా రైతు మాటలలో మెరక, పల్లము అను రెండు పదములు అడుగడుగున వినబడుటకు కారణమిదియే.

ఈ మెరకలు రెండు విధములుగా ఏర్పడినవి. వరద కాలమున నది గట్టు పొర్లినపుడు, నీటి వేగము ఒక్కసారిగా తగ్గును. బరువైన ఇసుక, గరపరేణువులు గట్టు ప్రక్కనే దిగబడును. సన్నని బంక మన్ను దూరమునకు పోయి నిలువనీటిలో పేరుకొనును. కావున అనేక శతాబ్దముల వరదల పిదప నది ప్రక్క నేల ఎత్తుగాను, నదికి దూరముగా పోయిన కొలది నేల పల్లముగాను మారును. నదికి దూరముగా పోయిన క్షేమమని అనుకొనువారు ఈ విషయమును గమనింపవలెను.

రెండవది పాత సముద్రతీరపు ఇసుక దిబ్బ. నది తెచ్చిన మన్నుతో తీరము ముందుకు జరిగినపుడెల్ల, పూర్వపు తీరరేఖ వెనుక ఇసుక దిబ్బగా నిలిచిపోయినది. అట్టి దిబ్బలు నేటి తీరమునకు సమాంతరముగా లోపలి భూములలో వరుసలుగా కనబడును. ప్రాచీనులు ఈ మెరకలపై ఊళ్ళు కట్టి, బాటలు వేసి, తోటలు పెంచిరి. దిబ్బకు దిబ్బకు నడుమనున్న పల్లమును వరిపొలమునకు విడిచిరి. పాత ఇండ్లు, పెద్ద చెట్లు, తాటి వరుసలు ఉన్న చోటు సాధారణముగా మెరక. జమ్ము, తుంగ పెరుగుచోటు పల్లము. తెల్లగా పేలిన చౌడు నేల ఉప్పునీటి జాడ. దీనినుండి మొదటి సూత్రము తేలుచున్నది: డెల్టాలో ఖాళీగా నున్న విశాలమైన స్థలమును చూచి సంతసింపరాదు. అది ఇంతకాలము ఎందుకు ఖాళీగా మిగిలినదో ముందు విచారింపవలెను.

నీరు వచ్చు మూడు దారులు

డెల్టాలో శిబిరమునకు నీటి భయము మూడు వైపులనుండి కలదు. ఒక్కొక్క దాని స్వభావము వేరు, హెచ్చరిక వేరు, తప్పించుకొను విధము వేరు.

మొదటిది నది. నదీవరదకు స్థానికమైన వానతో పని లేదు. ఎగువ రాష్ట్రములలో కురిసిన వాన కొన్ని దినములకు డెల్టాను చేరును. ఆ దినమున మన నెత్తిపై ఎండ కాయుచుండవచ్చును. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్దకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చినది. 2024 సెప్టెంబరు ఆరంభమున 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డు కూడ దాటిపోయినది. అయితే నది ముందుగా చెప్పి వచ్చు శత్రువు. గోదావరిపై ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడును. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరదను గోదావరి జిల్లాల వృద్ధులు నేటికిని కథలుగా చెప్పుదురు.

నది విషయమున చూడవలసిన ముఖ్యమైన గీత కరకట్ట. కట్టకు నదివైపున ఉన్నవి లంక భూములు; అవి నదికి చెందినవే యని తలపవలెను. వేసవిలో ఎంత మనోహరముగా నున్నను వరదకాలమున అవి నది పడకలో భాగములు. కట్టకు ఊరివైపున ఉన్నవి రక్షిత భూములు. కాని కట్ట మొదటనే, దాని నీడలో, గుడారములు వేయుట కూడ తగదు. కట్టకు గండిపడినచో నీరు మొదటి క్షణమున అచటనే మిక్కిలి వేగముతో దూకును.

రెండవది సముద్రము. ఇది నదివలె నెమ్మదిగా నడచి రాదు. తుఫాను నడిమి భాగమున గాలి ఒత్తిడి తగ్గుటచేత సముద్రమట్టము కొంత పొంగును. అంతకంటె మిక్కుటముగా, ప్రచండమైన గాలి లోతు తక్కువైన తీరజలములను నేలవైపునకు నెట్టును. ఆ నీటి గోడనే మనవారు ఉప్పెన అందురు. ఆ సమయమునకు అమావాస్య లేక పౌర్ణమి నాటి పోటు తోడైనచో దాని ఎత్తు మరింత పెరుగును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణముపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పది వేలమందికి తక్కువ కాకుండ మరణించిరి. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలగా ఏర్పడిన భూభాగమే దివిసీమ. దివి అనగా ద్వీపము. ఒకవైపు సముద్రము, రెండు వైపుల నదీపాయలు గల ఆ నేలపై నాటి రాత్రి ఎత్తైన భవనములు కొలదిగా నుండెను. పూరిగుడిసెలలోని వారికి ఎక్కుటకు చోటు లేకపోయెను. ఆ విపత్తు పిదపనే తీరగ్రామములలో తుఫాను రక్షణ భవనములు విరివిగా నిర్మింపబడినవి.

నేడు హెచ్చరికలు బాగుపడినవి. వాతావరణ శాఖ ముందుగా ఒక సూచన నిచ్చి, తుఫాను దుర్వాతావరణము తీరమును తాకుటకు కనీసము 48 గంటల ముందు పసుపు రంగు అప్రమత్తతను, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరికను, సుమారు 12 గంటల ముందు ఎరుపు రంగు సూచనను ప్రకటించును. శిబిరమునకు నియమము సులభము: పసుపు రంగు నాడే మూటముల్లె సర్దుకొని వెడలవలెను. నారింజ వరకు వేచియుండుట బస్సులు, బాటలు, వంతెనలు గ్రామస్థుల కవసరమైన వేళ వారికి అడ్డముగా నుండుటయే యగును.

మూడవది మురుగు కాలువ. దీనిని ఎవరును లెక్కింపరు. డెల్టాలో కురిసిన వాన పొలమునుండి బోదెకు, బోదెనుండి డ్రెయినుకు, డ్రెయినునుండి సముద్రమునకు పోవలెను. వాలు తక్కువైనందున అది నడచుటయే కష్టము. సముద్రమున పోటు వేళ డ్రెయిను ముఖద్వారము మూసుకొన్నట్లై, నీరు వెనుకకు తన్నును. కొల్లేటి నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే దారి. ఆ దారి ఇరుకైనచో చుట్టుప్రక్కల పొలములన్నియు కొల్లేరే యగును. ఆ కొల్లేటిలో కలియు బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడ నగరపు అనేక వాడలను దినముల తరబడి ముంచినది. కృష్ణకు కట్టలున్న నగరము చిన్న యేటికి చిక్కినది. కావున నదిని చూచి భయపడినవారు డ్రెయినును చూచి తేలికగా తీసికొనరాదు. శిబిర స్థలమునకు సమీపమున ఏ డ్రెయిను గలదు, అది ఎటు పోవును, దాని గట్టు కంటె మన నేల ఎత్తా పల్లమా అను మూడు ప్రశ్నలకు జవాబు తెలియవలెను.

కాలము

స్థలముతో పాటు కాలమును కూడ ఎన్నుకొనవలెను. ఒకే స్థలము ఒక నెలలో క్షేమకరము, మరొక నెలలో ప్రమాదకరము కావచ్చును. జూలై నుండి అక్టోబరు వరకు నదీవరదల కాలము. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలము. అందు నవంబరు చరిత్ర మనము చూచితిమి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది గనుక డిసెంబరును కూడ నమ్మరాదు. వేసవిలో ఉప్పెన రాదనుట కూడ పొరపాటు. 1990 మే నెలలోని పెనుతుఫాను కృష్ణా తీరమునే తాకినది. పైగా వేసవిలో కాలువలు కట్టివేయుదురు, మంచినీటి చెరువులు అడుగంటును, ఉక్కపోత భరింపరానిదగును.

మిగిలినది సంక్రాంతి మొదలు ఫిబ్రవరి నెలాఖరు వరకు గల కాలము. అప్పటికి సార్వా కోతలు ముగిసి, నేల గట్టిపడి, బాటలు ఆరి, చెరువులలో నీరు నిలిచియుండును. మన కళాశాల మరియొక లెక్క కూడ చూడవలెను. రంజాను మాసము సౌరమానమున ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును. ఈ సంవత్సరములలో అది శీతకాలపు చివరి దినములలో వచ్చుచున్నది. ఉపవాసముండు విద్యార్థులు ఎండలో మన్ను తవ్వుట తగదు గనుక, పరీక్షల పట్టికతో పాటు చంద్రమాన పంచాంగమును కూడ ముందుంచుకొని తేదీలు నిర్ణయింపవలెను.

మంచినీరు, మరుగుదొడ్లు

చుట్టును నీరున్నను త్రాగుటకు నీరు లేకుండుట తీర డెల్టాకు సహజ లక్షణము. భూగర్భ జలము అనేక చోట్ల ఉప్పన. ఇసుక దిబ్బలలో మాత్రము వాననీరు ఇంకి, ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుచుండును. మంచినీటికంటె ఉప్పునీరు బరువైనది గనుక ఈ పొర నిలిచియుండును. మోటారుతో విపరీతముగా తోడినచో క్రింది ఉప్పు పైకి వచ్చి ఊరివారి బావి పాడగును. వారము దినములకు అతిథులుగా పోయి ఏడాది పొడవున వారు త్రాగు నీటిని చెరచి వచ్చుట సేవ కాజాలదు.

త్రాగుటకు, వంటకు, శుభ్రతకు మనిషికి దినమునకు కనీసము 15 లీటర్ల నీరు కావలెను. అరువదిమంది గల శిబిరమునకు ఇది 900 లీటర్లు. ఈ నీరు ఎచటనుండి వచ్చునో ముందుగానే లెక్క తేలవలెను. కాలువ నీరు తేటగా కనబడినను కాచి లేక క్లోరిను బిళ్ళలు వేసి మాత్రమే త్రాగవలెను.

మరుగుదొడ్డి సమస్య ఇంకను సున్నితమైనది. గుంట మరుగుదొడ్డి నీటి వనరునకు 30 మీటర్ల దూరమున ఉండవలెననియు, గుంట అడుగు భూగర్భ జలమునకు కనీసము 1.5 మీటర్ల పైన ఉండవలెననియు ఆరోగ్యసూత్రము. కాని డెల్టాలో అనేక చోట్ల ఆ లోతు త్రవ్వకముందే నీరు ఊరును. కావున కొత్త గుంటలు త్రవ్వి సరిపెట్టుకొందమనుట ఇచట పనికిరాదు. ఇరువదిమందికి ఒకటి చొప్పున, విద్యార్థినులకు వేరుగా తలుపు గడియలతో, ముందే కట్టబడిన దొడ్లున్న భవనమునే ఎంచుకొనవలెను. ఈ ఒక్క నియమము చేతనే బయలు గుడారముల కంటె పాఠశాల భవనము మేలని తేలిపోవును.

రాత్రి భయములు

వరి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. కోతల పిదప ఎలుకలు గడ్డివాములకు, ఇండ్లకు చేరును. పాములు వాటి వెంట వచ్చును. అందు కట్లపాము మిక్కిలి ప్రమాదకరమైనది. అది రాత్రివేళ నేలపై పండుకొన్నవారిని కరచును. నొప్పి అంతగా తెలియకపోవుటచేత నిద్రలోనే విషమెక్కును. దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. మంచముపై పండుకొని, దోమతెర అంచులను పరుపు క్రిందికి బిగించి దోపుకొన్నచో దోమయు రాదు, పామును రాదు. చీకటిలో టార్చి లేక అడుగు వేయరాదు. పాము కరచినచో గాయమును కోయుట, నోటితో పీల్చుట, త్రాటితో గట్టిగా బిగించుట చేయరాదు. కరచిన అవయవమును కదలనీయక, విషహర మందు గల ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. ఆ మందు ఏ ఆసుపత్రిలో కలదో, అచటికి రాత్రివేళ ఎంత సేపు పట్టునో శిబిరమునకు ముందే తెలిసికొనవలెను. కరచిన పిదప కాదు.

మిగిలిన జాగ్రత్తలు సంక్షిప్తముగా చెప్పుదుము: కొబ్బరిచెట్ల క్రింద గుడారము వేయరాదు, ఉరుముల వేళ ఒంటరి తాటిచెట్టు చెంత నిలువరాదు, వ్రేలాడు విద్యుత్తు తీగలున్న ఆవరణను విడువవలెను.

మూడు చోట్ల తులన

ఇంతవరకు చెప్పినదానిని ఒక ఉదాహరణతో పరీక్షింతము. ఒక తీర మండలములో ముగ్గురు మూడు చోట్లు చూపిరనుకొందము. మొదటిది కరకట్టకు లోపలనున్న లంక. ఇసుక మెత్తన, నీరు దగ్గర, దృశ్యము రమ్యము. రెండవది సముద్రతీరమున సరుగుడు తోట. గాలి చల్లన, స్థలము విశాలము, అద్దె లేదు. మూడవది తీరమునుండి దూరముగా, పాత ఊరి మెరకపై, బస్సు బాట ప్రక్కనున్న ఉన్నత పాఠశాల. రెండంతస్తుల కాంక్రీటు భవనము, ఆవరణలో కుళాయి, దొడ్లు కలవు. కాని చూచుటకు విశేషమేమియు లేదు.

విద్యార్థులు మొదటి రెంటిని కోరుదురు. లంకకు పోవుటకు పడవ దాటవలెను. రాత్రి ఒకరికి జబ్బు చేసినచో ఆ పడవయే అడ్డంకి. సరుగుడు తోటలో ఎక్కుటకు మేడ లేదు, త్రాగుటకు నీరు లేదు. మూడవదానిలో నీరు, నీడ, బాట, మేడ నాలుగును కలవు. సముద్రమును చూడవలెనన్న కోరిక న్యాయమైనదే. పగలు అధ్యాపకులతో కలిసి పోయి చూచి, సంధ్యకు ముందే తిరిగి రావచ్చును. నది సముద్రమున కలియుచోట అడుగున సుడులు, గుంటలు ఉండును గనుక స్నానమునకు దిగరాదు. స్థలమునకు అందము కావలసినది చూచుటకు. క్షేమము కావలసినది నిద్రించుటకు.

ఎవరి నడుగవలెను

పటములు, ఉపగ్రహ చిత్రములు నేడు చేతిలోని ఫోనులోనే లభించును. వానిని చూడవలెను, కాని వానితో ముగింపరాదు. ఊరిలో నలుగురి నడుగవలెను. వృద్ధులను "1977లో నీరు ఎంతవరకు వచ్చినది?" అని అడిగిన గోడపై చేయిపెట్టి చూపుదురు. కాలువ లస్కరును అడిగిన ఏ గట్టు బలహీనమో చెప్పును. నీరు మోయు తల్లులను అడిగిన ఏ నీరు తీయన, ఏ నెలలో ఉప్పనయో చెప్పుదురు. ఆశా కార్యకర్తను అడిగిన జ్వరములు, పాము కాట్లు ఎచట ఎక్కువో తెలియును. ఈ నలుగురి మాటయు ఒకటైనచో ఆ స్థలము నిర్భయముగా తీసికొనవచ్చును. పిదప ప్రధానోపాధ్యాయునికి, సర్పంచికి, తహశీల్దారు కార్యాలయమునకు, పోలీసు ఠాణాకు శిబిర తేదీలను, విద్యార్థుల సంఖ్యను వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆపద వచ్చినపుడు లెక్కలో ఉన్నవారినే వెదకుదురు.

కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటి. ఇకమీదట ఏ శిబిరమునకైనను స్థల పరిశీలన నివేదిక ఒక పుటలో ముందుగా సమర్పింపబడవలెననియు, అందు మెరక, డ్రెయిను, మంచినీరు, దొడ్లు, ఆసుపత్రి, తప్పించుకొను బాట, ఎక్కుటకు మేడ అను ఏడు అంశములకు సమాధానములుండవలెననియు నియమము చేయుడు. అట్టి నివేదిక ఉన్నచో డెల్టాకు పంపుటకు సంకోచింపనక్కరలేదు. లేనిచో మెట్టకు కూడ పంపరాదు.

విద్యార్థి మిత్రులారా! తల్లిదండ్రులు మిమ్ములను ఏడు రాత్రులకు కళాశాల చేతిలో పెట్టుచున్నారు. డెల్టా గ్రామస్థులు ఏడాది పొడవున ప్రతి రాత్రియు ఆ నేలపైననే తమ బిడ్డలను నిద్రపుచ్చుచున్నారు. మెరకను పల్లమును గుర్తించు వారి విద్యను నేర్చుకొనుటయే శిబిరములో మీ మొదటి పాఠము కాగలదు. మన్ను తవ్వి మనము వారికిచ్చు సేవకంటె ఆ పాఠము మనకు వారిచ్చు దానము చిన్నది కాదు.